స్వహస్తాలతో

తాడిపత్రి నుంచి లారీలో వచ్చిన నల్లరాతి పలకను వరండా గోడకు ఆనించి పెట్టించి, "దీన్ని రోంత తడిగుడ్డతో తుడువు, దుమ్ము కొట్టుకోని ఉండాది" అని చెప్పి వేణుగోపాల్ స్నానానికి పోయాడు. కన్యకమ్మ పాత గుడ్డ ఒకటి నీళ్ళలో ముంచి పిండుకుని పలక ముందు చతికిలబడింది. పెళ్ళయిన నాటి నుంచి ఈ మనిషి తుడవమన్నవన్నీ తుడుస్తూనే ఉంది, ఇదొక లెక్కా అనుకుంది. పైనుంచి కిందికి గుడ్డ లాగుతుంటే దుమ్ము పోయి ఒక్కొక్క అక్షరం పచ్చగా తేలింది. మొదట అమ్మవారి పేరు. తర్వాత శ్రీ. తర్వాత మొగుడి పేరు, ఇంటిపేరుతో సహా. దాని కింద 'స్వహస్తాలతో నిర్మించుకున్న గృహము' అని ఉంది.

గుడ్డ ఆ 'స్వహస్తాలతో' దగ్గర ఆగిపోయింది.

కోపం రావలసిన చోట ఆమెకు సిగ్గు వచ్చింది. చెవులు వేడెక్కాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని వీధి వైపు తొంగి చూసింది కూడా. దొంగతనం చేసింది ఒకరైతే, దొరికిపోయినట్టు ముఖం పెట్టుకునేది తనెందుకో ఆమెకు ఏనాడూ అంతు పట్టలేదు. ఇది ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. ఈ ఇంట్లో ఎవరు తప్పు చేసినా సిగ్గుపడే పని మాత్రం ఆమెదే, అంట్లు తోమే పనిలాగే.

ఆ హస్తాలు ఆమె ఎరగనివా? రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లన్నిటికీ దారం కండెలు, జిప్పులు, గుండీలు అమ్మే చేతులవి. మెత్తగా, గోళ్ళు కత్తిరించుకుని, రెండు ఉంగరాలతో ముద్దుగా ఉంటాయి. నీళ్ళకుండ పక్కనే కూర్చుని 'కన్యకా, నీళ్ళు' అంటూ ముందుకు చాచుకునే చేతులు. ఈ ఇల్లు కట్టినన్నాళ్ళలో అవి సిమెంటును తాకింది ఒకే ఒక్కసారి. తెల్ల ధోవతి కట్టుకుని ఇటుకలు చూసిపోదామని వచ్చి, కాలు జారి, అప్పుడే అచ్చు తీసిన ఇటుక మీద అరచెయ్యి ఆనించాడు. ఆ ఇటుక చెడింది. "దావలో ఎవరైనా పెడతారా దీన్ని?" అని ఆమెనే కసిరాడు.

పెద్ద బజారులోని పాత ఇంట్లో అన్నదమ్ములు వేరుపడినప్పుడు పెద్దాయనకు ఇల్లు వచ్చింది. చిన్నవాడైన వేణుగోపాల్‌కు అంగడి, కొండ కింద ఈ ఖాళీ జాగా వచ్చాయి. అమ్మానాన్నలు చిన్నకొడుకుతోనే ఉంటామన్నారు. జాగాలో ఒక మూల రేకుల కొట్టం వేసుకుని కాపురం పెట్టారు. మామ మల్లికార్జునయ్య బళ్ళారిలో ఎవరిదో సిమెంటు ఇటుకల ఇల్లు చూసి వచ్చి, "మట్టి ఇటుకలు కొని మనం కట్టలేం. ఒక అచ్చు చేపిచ్చుకుంటే మన ఇటుకలు మనమే పోసుకోవచ్చు" అన్నాడు. మనమే అన్న మాటలో ఎవరెవరున్నారో అప్పుడు ఎవరూ అడగలేదు. వడ్రంగి జయరాముడు చెక్కతో అచ్చు చేసిచ్చాడు. కూలీలు నాలుగు రోజులు వచ్చి, జీన్స్ యూనిట్లలో నీడ పట్టున పని దొరకగానే అటు పోయారు. మామకు ఉబ్బసం. అత్తకు మోకాళ్ళు. మొగుడికి అంగడి. మిగిలింది కన్యకమ్మ. "నేను ఒకటి పోసి చూస్తాను మామా" అంది. ఆ ఒక్కటి బాగా వచ్చింది. బాగా రావడమే ఆమె చేసిన తప్పు.

కానీ శెట్ల ఇంటి కోడలు నడివీధిలో నిలబడి ఇసుక జల్లిస్తుంటే పరువేం కాను? అందుకని అత్త ఖాళీ సిమెంటు సంచులన్నీ విప్పించి, గోనెదారంతో కుట్టించి, జాగా చుట్టూ మనిషెత్తు తెర కట్టించింది. ఆ కుట్టిందీ కన్యకమ్మే. తెర వెనక ఆమె ఇసుక, కంకర, సిమెంటు కలిపేది, అచ్చులో కూరేది, కొయ్యదిమ్మెతో దంచేది, అచ్చు పైకి లాగేది. తెర ముందు అత్త మంచం వేసుకుని కాపలా కూర్చునేది. వీధి మలుపులో తెలిసినవాళ్ళ తల కనిపించిందంటే చాలు, గొంతెత్తి "కన్యకా, కాఫీ పెట్టు!" అనేది. ఆ కేక వినగానే కన్యకమ్మ చేతిలోది చేతిలోనే వదిలేసి, చేతులు కడుక్కుని, పని చీర మీదనే మంచి చీర చుట్టుకుని, కొట్టంలోకి దూరి, కాసేపటికి కాఫీ లోటాలతో బయటికి వచ్చేది, అప్పుడే పూజ ముగించుకున్నంత శుభ్రంగా.

"పనోళ్ళు యాడికి పోయినారు?" అని వచ్చినవాళ్ళు అడిగేవారు.

"ఇప్పుడే అన్నానికి పోయినారు" అనేది అత్త.

అన్నానికి పోయిన ఆ పనోళ్ళు ఇల్లు పూర్తయ్యేదాకా తిరిగి రానే లేదు. గోడలు లేపడానికి సుంకప్ప మేస్త్రీ వచ్చాడు. గోడకు సిమెంటు మాలు కలిపిందీ, ఇటుక అందించిందీ మళ్ళీ ఈమే. ఈ సంగతి బయట ఎక్కడా అననని అత్త అతని చేత దేవుడి పటం ముందు ఒట్టు వేయించుకుంది. పాపం ఆ మనిషి ఎక్కడా అనలేదు.

ఇటుక పోయడం ఒక ఎత్తు, దానికి నీళ్ళు తాపడం ఒక ఎత్తు. పోసిన ఇటుకను రోజుల తరబడి తడపకపోతే చేత్తో నలిపితే పొడి అవుతుంది. ఆ ఏడు వాన మొహం చూపించలేదు. కుళాయి ఎప్పుడొస్తుందో కుళాయికే తెలియదు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, గుడ్డలు జాడించిన నీళ్ళు, ఏదీ నేల పాలు కానీయకుండా ఇటుకల మీద కప్పిన గోనెపట్టల మీద పోసేది. "మనుషులకే నీళ్ళు లేకుంటే ఇటుకలకు తాపుతాండావే, నీకేమన్నా పిచ్చా?" అని మొగుడు. "ఇంగ రోంత తాపమ్మా, గోడ బీట్లిస్తే నన్నంటారు" అని మామ. రెండు మాటలకూ ఆమె తలూపేది. మధ్యాహ్నం తన స్నానం నీళ్ళు కూడా మిగిల్చి ఇటుకలకు పోసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకున్న రోజులు ఎన్నో. కడుపులో వంశీ ఉన్నప్పుడు ఆమె ఎక్కువగా ఆలోచించింది బిడ్డ గురించో ఇటుకల గురించో ఇప్పటికీ తేల్చి చెప్పలేదు.

ఇంత చెప్పాక ఒక సంతోషం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. పడమటి ఎండ ఇంట్లోకి నిప్పులు చెరిగినట్టు వస్తుంది, అటు కిటికీ పెడితే ఉండలేం, పెట్టకపోతే గాలి లేదు అని మామ తల పట్టుకున్నాడు. అప్పుడు కన్యకమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే వాళ్ళ నాయన పెళ్ళికి పెట్టిన స్టీలు లోటాలు ఉన్నాయి, అడుగున సన్నగా పైన వెడల్పుగా ఉండేవి. వాటికి శెనగనూనె పూసి అచ్చులో నిలబెట్టి చుట్టూ సిమెంటు కూరింది. కాస్త ఆరాక మెల్లగా తిప్పి లాగితే లోటా చేతికొచ్చింది, ఇటుకలో గుండ్రటి రంధ్రం మిగిలింది. ఆమె పైకే నవ్వేసింది. "ఏమే, ఏం నవ్వది? వీధిలో వినపడతాది" అని తెర అవతల్నుంచి అత్త. ఆ తర్వాత ఆ రంధ్రాలను తన పెళ్ళి చీర రుద్రాక్ష అంచులాగా వరసలు పేర్చుకుంటూ జాలీ ఇటుకలు పోసింది. పడమటి గోడ నిండా అవే. ఇప్పటికీ మధ్యాహ్నం దాటాక ఎండ ఆ జాలీలోంచి హాలు నేల మీద గుండ్రగుండ్రంగా పడుతుంది. ఆ సమయానికి ఆమె ఒక్కోసారి ఊరికే వచ్చి ఆ వెలుగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. అది తను చేసిన పని అని ఎవరితోనూ అనదు, ఊరికే కూర్చుంటుంది.

ఇక చేతుల సంగతి. సిమెంటు చేతుల్ని తినేసింది. చర్మం పగిలి, వేళ్ళ సందుల్లో ఎర్రగా కోసుకుపోయి, కుడి బొటనవేలి గోరు నిలువునా చీలింది. ఆ రోజుల్లోనే పెద్ద ఇంట్లో పేరంటం వచ్చింది. తోడికోడలు సుబ్బలక్ష్మమ్మ గంధం పూయబోయి ఆమె చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడింది. "ఏమే కన్యకా, నీ చేతులు ఇట్లుండాయి? కూలోళ్ళ చేతుల మాదిరి గరగర అంటాండాయే!" అంది. పగుళ్ళలో గంధం భగ్గున మండింది. గదిలో ఆడవాళ్ళంతా తల తిప్పారు. కన్యకమ్మ నోరు తెరిచే లోపల అత్త అందుకుంది. "అది చర్మం జబ్బు సుబ్బలక్ష్మీ. బళ్ళారి డాక్టరు మందిచ్చినాడు. మానుతాదంట."

పనికీ జబ్బుకూ మధ్య అత్త జబ్బును ఎంచుకుంది, అది కొంచెం మర్యాదగా ఉంటుందని. కన్యకమ్మ తలూపింది. ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు ఆమెకు. ఎందుకంటే ఆ రోజు నుంచి ఆమె చేత్తో ఇచ్చింది బయటివాళ్ళెవరూ తినలేదు. అమ్మవారి గుడిలో పులిహోర కలపబోతే "నువ్వు పూలు కట్టుపో" అన్నారు. పూలు కట్టబోతే "వత్తులు చూసుకోపో" అన్నారు. చేతులు మానాయి, చర్మం మొద్దుబారి మిగిలింది, చీలిన గోరు చీలినట్టే పెరిగింది. మాట మాత్రం మానలేదు. సుబ్బలక్ష్మమ్మ ఈ ఇంటికి పండక్కీ పబ్బానికీ వస్తుంది, కూర్చుంటుంది, మంచీ చెడ్డా మాట్లాడుతుంది. కాఫీ అంటే "ఇప్పుడే తాగొచ్చినా" అంటుంది. ముప్పై ఏళ్ళుగా ఇప్పుడే తాగొచ్చిన మనిషి ఆమె. చేతులు కొంగులో దాచుకోవడం కన్యకమ్మకు అలవాటైపోయింది. ఏ పెళ్ళి ఫొటోలో చూసినా ఆమెకు చేతులుండవు.

బయటి గోడలకు పూత పూయడానికి ఎప్పుడూ కుదరలేదు. ఇల్లు బూడిదరంగుగానే ఉండిపోయింది. "మీ గోడౌను ఎట్లుండాది?" అని బంధువులు నవ్వుతూ అడిగేవారు. నవ్వినవాళ్ళతో కలిసి వేణుగోపాల్ కూడా నవ్వేవాడు. కొడుకు వంశీకృష్ణ ఉద్యోగంలో కుదురుకున్నాక "ఈ గోడౌన్ పడగొట్టి అద్దాల బాల్కనీలు పెట్టి మూడంతస్తులు లేపుదాం నాయనా" అన్నప్పుడు అందరికంటే ముందు సరే అన్నది కన్యకమ్మ. ఇల్లు పడిపోతే ఆ తెర, ఆ కేక, ఆ జబ్బు అన్నీ మట్టి కింద పోతాయని ఆశపడింది. తన చేతుల మీద అంత అసహ్యం పెంచుకుంది మనిషి.

సరిగ్గా అప్పుడు వచ్చింది అర్చన. అనంతపురంలో ఇళ్ళ కట్టడాల గురించి కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పే అమ్మాయి. కొండ మీది కోట చూడటానికి వచ్చి, దిగేటప్పుడు ఈ పడమటి గోడ చూసి ఆగిపోయిందట. గోడ చుట్టూ తిరిగి, తట్టి, నిమిరి, ఇటుకలు ఇంట్లోనే పోసుకున్నామనీ ఇప్పుడు పడగొడతామనీ వేణుగోపాల్ చెబితే, "సార్, ఈ ఇల్లు కూల్చకండి. దీనికి చాలా విలువ ఉంది" అంది.

"ఏమ్మా, పైన రాజుల కోట ఉండాది, అది చూసుకోకుండా ఈ గోడౌనేంది నీకు?" అన్నాడు వేణుగోపాల్.

"కోటను చూసుకునేవాళ్ళున్నారు సార్. ఇట్లాంటివాటిని ఎవరూ లెక్కపెట్టరు. నీళ్ళు లేని ఊర్లో ఒక కుటుంబం తన ఇటుక తనే పోసుకుని, ఎండనాపి గాలిని రానిచ్చే గోడ తనే ఆలోచించుకుని కట్టిన ఇల్లిది. ఇదీ మన వారసత్వమే. జిల్లా ఇళ్ళ మీద మేం వేస్తున్న పుస్తకంలో ఇది ఉండాల. ఇంకోసారి వస్తాను, ఎవరు కట్టారు, ఎట్లా కట్టారు, అన్నీ చెప్పండి, వీడియో తీసుకుంటాం."

వారసత్వం అంటే కొడుకులకు పోయేదని కన్యకమ్మకు తెలుసు. గోడలకు కూడా ఉంటుందని తెలియదు. ఆ రోజు తలుపు వెనక నిలబడి విన్న ఆమెకు గుండెల్లో ఏదో కదిలింది. సంతోషమేమో అనుకునే లోపల భయం దాని మీద కూర్చుంది. ఎవరు కట్టారు అని అడుగుతారట!

ఆ బెంగ వేణుగోపాల్‌కు లేదు. అంగడిలో మొదటి వారం "మేం పోసుకున్న ఇటుకలు" అని చెప్పుకున్నాడు. రెండో వారానికి "నేను పోసిన ఇటుకలు" అయింది. ఆ తర్వాత ఇక ఆగలేక, పడగొట్టే మాట పక్కన పెట్టి, తాడిపత్రిలో పలకకు చెప్పి వచ్చాడు. ఇవాళ అర్చన వస్తుంది. వీడియో అయ్యాక పలకను వీధి గోడకు బిగిస్తారు. ఇంక అది రాతి మీద మాట, ఆమె పోయాక కూడా ఉంటుంది.

స్నానం ముగించి వచ్చిన వేణుగోపాల్ పలకను చూసి తృప్తిగా తలూపాడు. "బాగా మెరుస్తాండాది. ఆ, కాఫీ ఇచ్చేటప్పుడు ట్రే వాడు, చేతులు కిందుంటాయి. వీడియో తీస్తారు గదా" అన్నాడు. చెడ్డ మాటగా అనలేదు. వాన వస్తుంది గుడ్డలు తీయమన్నట్టు అన్నాడు.

చూడటానికని సుబ్బలక్ష్మమ్మను కూడా పిలిపించాడు. ఆమె మధ్యాహ్నానికే పట్టుచీర కట్టుకుని వచ్చి వరండాలో కుర్చీ నిండా కూర్చుంది. అర్చన వచ్చి కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి, పడమటి గోడ ముందు వేణుగోపాల్‌ను నిలబెట్టింది. కన్యకమ్మ గడప మీద, చేతులు కొంగులో పెట్టుకుని కూర్చుంది.

వేణుగోపాల్ చెప్పాడు. తెల్లవారుజామునే లేచేవాణ్ణన్నాడు. ఇసుక జల్లించేవాణ్ణన్నాడు. అంగడికి పోకముందు ఇన్ని, వచ్చినాక ఇన్ని అన్నాడు. "నీళ్ళు ల్యాకపాయె. బియ్యం కడిగిన నీళ్ళు గూడా పారబొయ్యనీలేదు నేను" అన్నాడు. ఆ మాటకు కన్యకమ్మ తల దించుకుంది. అబద్ధం చెబుతున్నది ఆయన, వినలేక చచ్చిపోతున్నది ఆమె. ఈ నీళ్ళు కూడానా, అనుకుంది. నా స్నానం నీళ్ళు కూడా నీవేనా?

అర్చన జాలీలో చెయ్యి పెట్టి చూస్తోంది. "సార్, ఈ రంధ్రాలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి, లోపలికి పోయేకొద్దీ సన్నబడుతున్నాయి. ఇంత చక్కగా రావాలంటే లోపల ఏం పెట్టి పోశారు?"

వేణుగోపాల్ గోడను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "అదా... పైపు ముక్కలమ్మా."

"పైపు అయితే ఒకే లావు ఉంటుంది కదా సార్?"

ఆయన గొంతెత్తి, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో, "కన్యకా, కాఫీ పెట్టు!" అన్నాడు.

కన్యకమ్మ లేచింది. లేవాలని అనుకోలేదు, కాళ్ళే లేచాయి. వంటింట్లోకి పోయింది. కాసేపటికి నీళ్ళ చప్పుడు విని తనేం చేస్తోందో చూసుకుంది. కుళాయి కింద చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటోంది. మోచేతుల దాకా. గోళ్ళ సందుల్లో కూడా. ఆ చేతులకు సిమెంటు లేదు. ఏ మురికీ లేదు. అత్త పోయి ఎన్నో ఏళ్ళయింది, తెర చినిగి ఎటో పోయింది, ఇల్లు లేచి బిడ్డలు పెరిగారు, తను మాత్రం ఇంకా ఆ కేకకు చేతులు కడుక్కుంటూనే ఉంది.

ఆమెకు తన మీద తనకు ఎంత సిగ్గేసిందంటే కుళాయి కట్టేసి గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. గోడ చల్లగా ఉంది. ఆ ఇటుక ఏ రోజు పోసిందో గుర్తులేదు కానీ పోసింది తనే. వీళ్ళ అబద్ధానికి తన చేతులు అరువిచ్చింది, అవి రోగిష్టి చేతులంటే తలూపింది, కడకు ఆ చేతులు పోసిన ఇంటిని కూల్చమని కూడా తనే అంది. వాళ్ళ తప్పు వాళ్ళది. కానీ ఇంత బుద్ధిగా ఎవరు దాక్కోమన్నారు నన్ను? ఎవరో అన్నారు, అది నిజమే. ఇప్పుడు అనేవాళ్ళు లేరు కదా. ఆయన అన్నాడు, ఇప్పుడే అన్నాడు. అంటే? ఆయన అంటూనే ఉంటాడు. నేను కడుక్కుంటూనే ఉంటానా?

కాఫీ పెట్టింది. మొగుడు తీసిపెట్టిన పింగాణీ కప్పుల్నీ ట్రేనీ అక్కడే ఉంచి, అటక మీది పాత లోటాలు దించింది. నొక్కులు పడి, నూనెలో మునిగీ సిమెంటులో నిలబడీ మెరుపు పోయిన లోటాలు. ఒక్కోదాని మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించాడు వాళ్ళ నాయన. ఈ ఇంట్లో ఆమె పేరు రాసి ఉన్న వస్తువులు అవే.

వాటిని చేతుల్తోనే పట్టుకుని వరండాలోకి వచ్చింది. అర్చనకిచ్చింది. వేణుగోపాల్‌కిచ్చింది. ఆయన లోటాను చూసి కళ్ళతోనే కప్పులేవీ అని అడిగాడు. సుబ్బలక్ష్మమ్మ ముందు చాస్తే ఆమె అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దులే కన్యకా, ఇప్పుడే తాగొచ్చినా."

కన్యకమ్మ ఆ కాఫీని తనే తాగింది. అక్కడే, నిలబడి, అందరూ చూస్తుండగా. వచ్చినవాళ్ళ ముందు ఆమె కాఫీ తాగడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. వేడికి నాలుక కాలినా ఆపలేదు. ఖాళీ లోటాను కొంగుతో తుడిచి, గోడ దగ్గరికి పోయి, జాలీ రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పింది. లోటా అంచు దాకా పోయి కుదురుగా కూర్చుంది.

"పైపు కాదమ్మా" అంది. "ఇది. మా నాయన పెట్టిన లోటాలు. శెనగనూనె పూస్తే సులువుగా ఊడొస్తాయి. ఈ ఇటుకలన్నీ నేను పోసినా. గోడలు లేపింది సుంకప్ప మేస్త్రీ. మాలు నేను కలిపిచ్చినా. మా ఆయన అంగడి చూసుకున్యాడు."

కెమెరా మీద చిన్న ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

వేణుగోపాల్ నవ్వాడు. "ఇంట్లో ఆడోళ్ళు గదమ్మా, రోంత చెయ్యి సాయం చేసింది లే. దాన్నేం రాసుకోవద్దు" అన్నాడు. ఆ నవ్వు కూడా గోడౌను నవ్వే.

కొంగులోకి పోబోయిన చేతుల్ని కన్యకమ్మ బయటే ఉంచుకుంది. ముఖం మండుతోంది. సిగ్గు పోయిందని చెప్తే అబద్ధం. సిగ్గుతోనే నిలబడింది. చేతులు రెండూ సుబ్బలక్ష్మమ్మ ముందు చాచింది, మొద్దుబారిన వేళ్ళు, నిలువునా చీలిన గోరు.

"అక్కా, ఇది జబ్బు కాదు. ఏనాడూ కాదు. సిమెంటు. పని చేసినానని చెప్తే పరువు పోతాదని జబ్బని చెప్పినారు. నేనూ గమ్మునుంటిని."

సుబ్బలక్ష్మమ్మ ఆ చేతుల్ని చూసింది. ఆ పేరంటం, ఆ గంధం ఆమెకూ గుర్తొచ్చినట్టుంది. "ముప్పై ఏండ్లే..." అంది. "నీ ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగకపోతిని. గుడిలో నిన్ను పులిహోర ముట్టొద్దన్నది నేనే గదే." కళ్ళు తుడుచుకోలేదు, ఆమె అంత సులువుగా ఏడ్చే మనిషి కాదు. కన్యకమ్మ చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, గరుకు వేలి మీద తన వేలు ఒకసారి అటూ ఇటూ రాసింది. తర్వాత కొంచెం కసిరినట్టే అంది. "నాకొక లోటా కాఫీ ఇయ్యే."

అలవాటైన కాళ్ళు మళ్ళీ వంటింటి వైపు కదలబోయాయి. కన్యకమ్మ వాటిని ఆపింది. గడప మీద కూర్చుని మొగుడి వైపు తిరిగింది.

"ఏమండీ" అంది. "కాఫీ పెట్టండి."

వేణుగోపాల్ అర్చనను చూశాడు, వదినను చూశాడు, ఎర్రదీపాన్ని చూశాడు. ఏదో అనబోయాడు. ఎవరూ ఆయనకు మాట అందివ్వలేదు. ఏం చేయాలో తెలియక ఉంగరాల చేతులు రెండూ ధోవతి మడతల్లో దాచుకుని, తల వంచుకుని లోపలికి నడిచాడు. ఆ దాచుకోవడం కన్యకమ్మకు బాగా తెలిసిన దాచుకోవడం. చూస్తే జాలి కూడా వేసింది. కానీ వెనక్కి పిలవలేదు.

అర్చన స్టాండును తిప్పి కెమెరాను గడప వైపు పెట్టింది. "అమ్మా, మొదటి నుంచి చెప్తారా? మొదటి ఇటుక ఎట్లా పోశారు?"

వంటింట్లో గిన్నెలు పడ్డ చప్పుడు. "చక్కెర యాడ పెట్టినావు?" అని ఆయన గొంతు. కన్యకమ్మ మాత్రం అచ్చులో మొదట కూరాల్సింది మూలలని, మూలలు గట్టిగా దంచకపోతే ఇటుక నిలబడదని ఆ అమ్మాయికి చేతులతో చూపిస్తోంది. పడమటి ఎండ జాలీలోంచి గుండ్రగుండ్రంగా వచ్చి హాలు నేల మీద పడింది. లోటా పెట్టిన రంధ్రం దగ్గర ఒక్క గుండ్రం తక్కువగా ఉంది.

అంతా చెప్పడం అయ్యాక, సామాను సర్దుకుంటూ అర్చన వరండాలో గోడకు ఆనించి ఉన్న నల్లరాతిని చూసింది. చదివింది. "మరి ఈ రాయిని ఏం చేస్తారమ్మా?" అని అడిగింది.

కన్యకమ్మ పొద్దున తను తుడిచిన ఆ పచ్చటి అక్షరాల వైపు ఒకసారి చూసింది.

"పెరట్లో గుడ్డలుతికే బండ పగిలిపోయి శానా దినాలైంది" అంది. "ఆడ పరిపిస్తాను. అక్షరాలు కిందికి పెట్టి."